మెకాలే, స్టూవర్టుపురం, మా హెచ్చార్ ఫారం

కిందటేడాది మా టీములో ఒక టెస్టర్ పోస్టు ఖాళీ అయితే ఇంటర్వ్యూలు నా నెత్తిన పడ్డాయి. పన్నెండు మందో పదమూడు మందో వచ్చారు. అందులో ఒకతను (నాకంటే నాలుగైదేళ్ళు పెద్ద) తెలిసినదానికి తిన్నగా సమాధానం చెప్పాడు, తెలీనిదానికి తెలీదన్నాడు. ఈ రెండోది ఎంత అరుదో ఇంటర్వ్యూలు చేసినవాళ్ళని అడగండి. రెజ్యూమేలో మధ్యన నాలుగేళ్ళు ఖాళీ కనపడింది. "ఈ గ్యాపులో ఏం చేశారండీ?" అంటే, "ఇంటి దగ్గర ఇబ్బందులండీ, దూరవిద్యలో డిగ్రీ పూర్తి చేశాను" అన్నాడు. సరే అనుకున్నాను. ఆఫర్ లెటర్ వెళ్ళింది. మూడు వారాల తరవాత హెచ్చార్ నుంచి రెండు లైన్ల మెయిలు. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో తేడా వచ్చింది, ఆఫర్ వెనక్కి తీసుకున్నాం, ఇంకొకరిని చూసుకోండి.

తరవాత తెలిసింది ఏమిటంటే, ఊళ్ళో పొలం గట్టు దగ్గర గొడవలో ఎవరికో తల పగిలింది. కొట్టినవాళ్ళలో ఇతనూ ఉన్నాడు. శిక్ష పడింది, అనుభవించాడు, బయటికొచ్చాడు. ఆ దూరవిద్య డిగ్రీ జైల్లో కూర్చుని చదివిందే. మా ఫారంలో "మీకు ఎప్పుడైనా ఏ కోర్టులోనైనా శిక్ష పడిందా?" అన్న గడిలో "లేదు" అని పెట్టాడు.

హెచ్చార్ మేడమ్ మాట ఒకటే. "కేసు ఉన్నందుకు కాదండీ, అబద్ధం చెప్పినందుకు." వినడానికి న్యాయంగానే ఉంది. ఆ రోజుకి నేనూ అంతే అనుకుని ఊరుకున్నాను. మర్నాడు అతను నాకొక మెసేజ్ పెట్టాడు. "సార్, ఉంది అని పెట్టుంటే ఇంటర్వ్యూకి పిలిచేవాళ్ళా?"

దానికి వెంటనే జవాబు ఇవ్వలేకపోయాను. ఇవ్వలేకే, జైల్లో చదువులు, బయటికొచ్చినవాళ్ళకి ఉద్యోగాలు అనే ఈ గొడవ మన దేశంలో ఎప్పుడు మొదలైందో చదవడం మొదలెట్టాను. పని తప్పించుకోడానికి చదువుకోవడం మన ఇంజనీర్లకి కొత్తేం కాదు కదా. అలా చదివిందే ఇక్కడ రాస్తున్నాను.

మొదలు మెకాలే దగ్గర. ఈయన పేరు చెబితే మనందరికీ గుర్తొచ్చేది చదువే. 1835 ఫిబ్రవరి 2న రాసిన ఆ మినిట్, ఇంగ్లీషు చదువు, దాని మీద ఇప్పటికీ సాగుతున్న తిట్లూ పొగడ్తలూ. చాలామందికి తెలియనిదేమిటంటే అదే మెకాలే అదే ఏడాది డిసెంబరు 14న ఇంకో మినిట్ రాశాడు, ఈసారి జైళ్ళ గురించి. ఎంత గొప్ప శిక్షాస్మృతి రాసినా మంచి జైళ్ళు లేకపోతే అది వట్టి కాగితమే అని ఆయన వాదన. (శిక్షాస్మృతి కూడా ఆయన చేతి పనే. 1837 నాటి ముసాయిదా 1860లో ఐపీసీ అయి, 2024 జులై 1న భారతీయ న్యాయ సంహిత వచ్చేదాకా మనల్ని ఏలింది.) ఆ మినిట్ ఫలితంగా 1836లో ఒక కమిటీ వేశారు. మెకాలే అందులో సభ్యుడు. 1838లో రిపోర్టు వచ్చింది.

ఆ రిపోర్టు ఏం తేల్చింది? అప్పటిదాకా ఖైదీలని సంకెళ్ళేసి రోడ్ల పనికి తోలేవాళ్ళు. దాన్ని మాన్పించి, పెద్ద సెంట్రల్ జైళ్ళు కట్టి, లోపలే పని చేయించాలంది. ఎలాంటి పని? విసుగు పుట్టించే పని. ఏ ఆసక్తీ కలిగించని, అదే అదే తిప్పి తిప్పి చేసే పని. మనిషి ఒంటికి హాని జరక్కూడదు, కానీ మళ్ళీ అటువైపు చూడాలంటే ఒణుకు పుట్టాలి. మరి చదువు? నీతిబోధ? బుద్ధిగా ఉన్నవాడికి ఏదైనా బహుమానం? ఈ మూడింటినీ కమిటీ ఆలోచించింది, ఆలోచించే వద్దంది. మరిచిపోయి వదిలెయ్యలేదన్నమాట. దేశానికి ఏ చదువు కావాలో ఫిబ్రవరిలో తేల్చిన మనిషి కూర్చున్న కమిటీయే, జైలు గోడ లోపల మాత్రం చదువు అక్కర్లేదని తేల్చింది.

నేను మెకాలేని తిట్టడానికి ఇది రాయట్లేదు. అప్పటి ఇంగ్లండులో కూడా ఆలోచనలు దాదాపు అలాగే ఉండేవి. పైగా ఆ రిపోర్టు లోపలి దారుణాలని బయటపెట్టింది కూడా. కానీ ఒక సిస్టమ్‌ని మొదట ఏ ఉద్దేశంతో డిజైన్ చేశారో ఆ ఉద్దేశం తరవాతెన్ని ప్యాచ్‌లు వేసినా పోదు. ఇది మా వృత్తిలో రోజూ చూసేదే. 1846లో ఆగ్రాలో సెంట్రల్ జైలు వచ్చింది. మన రాజమండ్రిలో డచ్చివాళ్ళ పాత కోటలో 1864లో జైలు పెట్టారు. 1894లో ప్రిజన్స్ యాక్టు. దాన్ని చదివితే కాపలా, క్రమశిక్షణ, జైలు నేరాలు, వాటికి శిక్షలు... మొత్తం ఇదే ధోరణి. బయటికెళ్ళే మనిషి బయట ఎలా బతకాలి అన్న ప్రశ్న ఆ చట్టం మనసులోనే లేదు. ఆ చట్టం బదులు రాష్ట్రాలు వాడుకోవచ్చని కేంద్రం ఒక నమూనా చట్టం తయారుచేసింది 2023లో! లెక్కేసుకోండి, 129 ఏళ్ళు.

మధ్యలో ఒకసారి మాత్రం గట్టి ప్రయత్నం జరిగింది. 1919-20 ఇండియన్ జైల్స్ కమిటీ. అధ్యక్షుడు సర్ అలెగ్జాండర్ కార్డ్యూ, మద్రాసు ఐసీయస్ మనిషి, 1919లో కొద్ది రోజులు మద్రాసుకి తాత్కాలిక గవర్నరు కూడా. ఈ కమిటీ ఇక్కడి జైళ్ళూ అండమానూ చూసి, బ్రిటన్, అమెరికా, జపాన్ దాకా వెళ్ళి చూసొచ్చింది. 1838 వాళ్ళు చదువునీ సంస్కరణనీ కావాలనే తోసిపుచ్చారని చెప్పింది వీళ్ళే. భయపెట్టడం ఒక్కటే చాలదు, మనిషిని మార్చడం కూడా జైలు పనే అని మన దేశంలో ప్రభుత్వ కాగితం మీద స్పష్టంగా రాసింది కూడా వీళ్ళే. ఖైదీలకి చదువు చెప్పాలన్నారు. విడుదలైనవాడికి సాయం చేసే సంఘాలు ఉండాలన్నారు. అంటే గోడ లోపల సగం, గేటు బయట సగం, రెండూ కలిపి ఒకే పని అని వాళ్ళకి అర్థమైంది.

కానీ టైమింగ్ బాలేదు. రిపోర్టు వచ్చేసరికి సహాయ నిరాకరణ ఉద్యమం మొదలై జైళ్ళు రాజకీయ ఖైదీలతో నిండిపోయాయి. కొత్త సంస్కరణల కింద జైళ్ళ బాధ్యత క్రమంగా రాష్ట్రాల నెత్తికి మారింది, వాళ్ళ దగ్గర డబ్బుల్లేవు. ఇక రాజకీయ ఖైదీలంటారా, వాళ్ళు జైల్లో బాగానే చదివారు, రాశారు. ఉన్నవ లక్ష్మీనారాయణ గారు మాలపల్లి రాసింది జైల్లోనే. మన పుస్తకాల్లో జైలంటే అదొక గురుకులంలా కనపడ్డానికి కారణం ఇదే అనుకుంటా. చదువుకుని లోపలికెళ్ళినవాళ్ళు ఇంకా చదువుకుని వచ్చారు, వచ్చాక పదవులూ పొందారు. వేలిముద్రతో లోపలికెళ్ళిన దొంగతనం కేసువాడు వేలిముద్రతోనే వచ్చాడు. ఒకే జైలు, రెండు చరిత్రలు.

ఇప్పుడు కాస్త పక్కదారి. పక్కదారి అన్నాను గానీ నాకు ఇదే అసలు దారి అనిపిస్తుంది.

మా అమ్మమ్మగారిది చీరాల. చిన్నప్పుడు సెలవలకి బెజవాడ నుంచి పాసింజరులో వెళ్ళేవాళ్ళం. బాపట్ల దాటగానే పెట్టెలో ఒక కదలిక. కునుకుతున్నవాళ్ళు లేచేవాళ్ళు, సంచీలు కాళ్ళ మధ్యకి జరిపేవాళ్ళు, మా అమ్మ పైట మెడ చుట్టూ కప్పుకునేది. స్టేషను బోర్డు మీద "స్టూవర్టుపురం" అని ఉండేది. ప్లాట్‌ఫారం మీద పిల్లలు ఆడుకుంటూ కనపడేవాళ్ళు, నా వయసువాళ్ళే. అక్కడ దొంగలుంటారని నాకు ఎవరు చెప్పారో గుర్తులేదు. ఎవరూ చెప్పకుండానే తెలిసింది.

ఆ ఊరు పుట్టిందే "మార్చడానికి". 1871 నాటి క్రిమినల్ ట్రైబ్స్ యాక్టు 1911లో సవరణతో మద్రాసుకీ విస్తరించింది. ఈ చట్టం కింద నేరం చెయ్యక్కర్లేదు, ఫలానా కులంలో పుడితే చాలు. పోలీసు రిజిస్టర్లో పేరు, వేలిముద్రలు, హాజరు, ఊరు దాటాలంటే పాసు. మన వైపు ఎరుకల వాళ్ళు ఒకప్పుడు ఎడ్ల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని తీరం నుంచి లోపలి ఊళ్ళకి తిరిగి అమ్ముకునేవాళ్ళు. ఉప్పు మీద సర్కారు పట్టు, ఆ పైన రైలు వచ్చి ఆ వ్యాపారాన్ని మింగేశాయి. బతుకుతెరువు పోయినవాడు తిరుగుతుంటే వాడికి దొంగ అని పేరు పెట్టారు. 1913లో సాల్వేషన్ ఆర్మీ చేతికి ఒక సెటిల్‌మెంటు అప్పజెప్పారు. మద్రాసు ప్రభుత్వంలో పెద్ద అధికారి హెరాల్డ్ స్టూవర్టు పేరు పెట్టారు. అదే స్టూవర్టుపురం.

అక్కడ బడి పెట్టారు. ఆసుపత్రి పెట్టారు. సాగుకి భూమి ఇచ్చారు, అదీ అంత మంచి భూమి కాదు. చీరాల పొగాకు కంపెనీ ఫ్యాక్టరీకి కూలీలు కావాలి, సెటిల్‌మెంటులో కూలీలున్నారు. కుదిరింది. చూశారా, చదువు, వైద్యం, ఉద్యోగం అన్నీ ఉన్నాయి! ఈ రోజు ఎవరైనా పునరావాసం మీద ప్రెజెంటేషన్ ఇస్తే స్లైడులో ఉండే బులెట్లన్నీ అక్కడ ఉన్నాయి. లేనిదొక్కటే, బయటికెళ్ళే దారి. మామూలు జైలు శిక్షకి ఓ తేదీ ఉంటుంది. వీళ్ళకి తేదీ లేదు. రిజిస్టర్లోంచి పేరు తీసెయ్యడం సర్కారు దయ. ఫ్యాక్టరీ పని నచ్చకపోతే మానేసే హక్కు లేనివాడికి ఇచ్చిన పనిని ఉద్యోగం అంటారా? ఫ్యాక్టరీకి మాత్రం భలే గిట్టుబాటు అయ్యుంటుంది.

స్వతంత్రం వచ్చాక మద్రాసులోనూ, 1952 ఆగస్టు 31న దేశమంతటా ఆ చట్టం పోయింది. కాగితం మీద పోయింది. దాని బదులు రాష్ట్రాలు "అలవాటు పడిన నేరస్తుల" చట్టాలు తెచ్చుకున్నాయి. ఊరి పేరు ఊరికే ఉండిపోయింది. 1970లలో జాషువా గారి అమ్మాయి హేమలతా లవణం, ఆవిడ భర్త లవణం గారు అక్కడ పనిచేశారు. అంతకుముందు ఆవిడ వినోబా భావేతో చంబల్ వెళ్ళి బందిపోట్ల లొంగుబాటు చూసినావిడ. వాళ్ళు చేసింది బడి కట్టడం కాదు, బడి 1913 నుంచీ ఉంది. పోలీసునీ ఊరినీ ఎదురెదురు కూచోబెట్టి, ఈ మనిషిని నమ్మొచ్చు అని చెప్పడం. ఆ పనికి గ్రాంటు ఏ పద్దు కింద ఇస్తారో నాకైతే అర్థం కాదు, కానీ అదే అన్నిటికంటే కష్టమైన పని. ఇటు వాళ్ళు అలా చేస్తుంటే అటు మన సినిమావాళ్ళు ఏం చేశారు? 1991లో ఆ ఊరి పేరు పెట్టి రెండు సినిమాలు తీశారు. ఆ ఊరి కుర్రాడు అడ్రసు రాయాల్సిన ప్రతి దరఖాస్తులో ఆ సినిమా కూడా అటాచ్ అయి వెళ్తుందని ఎవరూ అనుకున్నట్టు లేదు.

2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు జైళ్ళలో కులాన్ని బట్టి పని పంచడం చెల్లదని తీర్పిచ్చింది. వంట ఒకరికి, ఊడ్చడం ఇంకొకరికి. సంచార తెగలవాళ్ళు పారిపోతారు కాబట్టి బయటి పనికి పంపొద్దు. ఇలాంటివి కొన్ని రాష్ట్రాల జైలు నిబంధనల్లో అప్పటిదాకా అచ్చులోనే ఉన్నాయి! జైల్లో "వృత్తి శిక్షణ" అన్న మాట వినగానే నాకిప్పుడు చీపురు గుర్తొస్తుంది.

సరే, మళ్ళీ మెయిన్ లైనుకి వద్దాం.

స్వతంత్రం తరవాత మంచి పనులు జరగలేదని కాదు. 1963లో రాజస్థాన్ సంగానేరులో ఓపెన్ జైలు పెట్టారు. ఖైదీలు పెళ్ళాం పిల్లలతో ఉంటారు, పొద్దున్నే బయటికెళ్ళి ఎవరి పని వాళ్ళు వెతుక్కుని చేసుకుంటారు, సాయంత్రం హాజరుకి తిరిగొస్తారు. నాకు దీంట్లో నచ్చింది ఏమిటంటే, శిక్ష పూర్తయ్యేసరికి ఆ మనిషికి ఆల్రెడీ ఒక ఉద్యోగం, ఒక యజమాని, నాలుగు పరిచయాలు ఉంటాయి. గేటు దాటడం అనే ఒక్క గండం ఉండదు. మన అనంతపురంలోనూ 1965లో ఖైదీల వ్యవసాయ క్షేత్రం పెట్టారు. హైదరాబాదు చర్లపల్లిలోనూ అలాంటిది ఉంది. అయితే ఇవి జైలులో ఏళ్ళ తరబడి బుద్ధిగా ఉన్న కొద్దిమందికి దక్కేవి.

1977లో మన ఆంధ్రప్రదేశ్ నుంచే ఒక కేసు సుప్రీంకోర్టుకి వెళ్ళింది. ముద్దాయి ఏం చేశాడయ్యా అంటే, ఉద్యోగాలిప్పిస్తానని నిరుద్యోగుల దగ్గర డబ్బు గుంజాడు. (ఇది మాత్రం మారలేదు, అమీర్‌పేటలో అడగండి.) తీర్పు జస్టిస్ కృష్ణయ్యర్ గారిది. శిక్ష తగ్గించి ఊరుకోలేదు. ఇతనికి యాంత్రికమైన, మనసుని చంపేసే పని ఇవ్వొద్దు, బుద్ధికి పని చెప్పేది ఇవ్వండి, దానికి కూలి కూడా ఇవ్వండి అన్నారు. 1838 వాళ్ళు ఏ విసుగు పనిని ఏరికోరి ఎంచారో సరిగ్గా దాన్నే 1977లో కోర్టు వద్దంది. దానికి 139 ఏళ్ళు పట్టింది. ఆ తరవాత 1980-83 ముల్లా కమిటీ చదువు గురించీ విడుదల తరవాతి సాయం గురించీ మళ్ళీ రాసింది. ఖైదీల పనికి న్యాయమైన కూలి ఇవ్వాలని 1998లో సుప్రీంకోర్టు గుజరాత్ కేసులో చెప్పింది. 1993లో కిరణ్ బేడీ తీహార్ వెళ్ళి, చదువొచ్చిన ఖైదీల చేత చదువురాని ఖైదీలకి చెప్పించారు. 1994లో అక్కడ ఇగ్నో స్టడీ సెంటరు వచ్చింది. తెలంగాణ జైళ్ళలో విద్యాదానం పేరుతో వేలిముద్ర వేసేవాళ్ళకి సంతకం నేర్పే కార్యక్రమం నడిచింది. గుర్గావ్ దగ్గర భోండ్సీ జైల్లో విచారణ ఖైదీగా ఉన్న ఒక సాఫ్ట్‌వేర్ ఇంజనీరు లోపల కూర్చుని ఆ జైలుకే మేనేజ్‌మెంట్ సాఫ్ట్‌వేర్ రాశాడు. తరవాత అతను నిర్దోషి అని తేలింది.

అంటే గోడ లోపలి సగం నత్తనడకనైనా కదిలింది. మెకాలే కమిటీ ఓడిపోయింది.

గేటు బయటి సగం? విడుదల రోజు చేతిలో ఇంటికెళ్ళడానికి ఛార్జీలు పెడతారు. జైల్లో సంపాదించిన కూలి మిగిలుంటే ఇస్తారు. ఆ తరవాత నీ దారి నీది. 2011లో తీహార్లో క్యాంపస్ ప్లేస్‌మెంట్లు పెడితే పేపర్లలో మొదటి పేజీ వార్త. వార్త అయ్యిందంటేనే అర్థం కావట్లా ఎంత అరుదో! ఇక హైదరాబాదు. చంచల్‌గూడ జైలు పక్కనే జైళ్ళ శాఖ పెట్రోలు బంకు ఉంది. అక్కడ పెట్రోలు పోసేవాళ్ళలో ఖైదీలూ, విడుదలైనవాళ్ళూ ఉంటారు. నేనూ ఒకట్రెండుసార్లు బండికి పోయించుకున్నాను. కొలత కచ్చితంగా ఉంటుందని అక్కడికి పనిగట్టుకుని వచ్చేవాళ్ళున్నారు. నాకు ఆ బంకంటే గౌరవమే. కానీ ఒక మాట. జైల్లోంచి బయటికొచ్చినవాడికి ఉద్యోగం ఇస్తున్నది ఎవరు? జైలే. ఊళ్ళో ఇంకెవరూ ఇవ్వరు కాబట్టి జైలు గోడకి ఆనుకుని జైలే ఒక ఉద్యోగం కట్టింది.

(అన్నట్టు సంగారెడ్డి పాత జైలుని మ్యూజియం చేసి, 2016లో 500 రూపాయలిస్తే ఒక రోజు ఖైదీలా ఉండొచ్చు అన్నారు. మా ఆఫీసులో ఇద్దరు వెళ్ళొచ్చి ఫోటోలు పెట్టారు. వాళ్ళ లైకులు చూడాలి. :) )

ఎందుకు ఇవ్వరు ఇంకెవరూ? ఇక్కడ చట్టం ఏమంటుందో చూద్దాం. 1958 ప్రొబేషన్ చట్టంలో 12వ సెక్షను ఉంది. ప్రొబేషన్ మీద వదిలినవాడికి ఆ శిక్ష వల్ల చట్టరీత్యా వచ్చే అనర్హతలు అంటవని దాని సారం. బ్రహ్మాండం అనుకుంటాం. కానీ ఉద్యోగంలోంచి తీసేసేటప్పుడు ఆ నేరాన్ని లెక్కలోకి తీసుకోకూడదని దానర్థం కాదని 1990లో సుప్రీంకోర్టు తేల్చింది. పైగా అసలు జైలుకి వెళ్ళొచ్చినవాడికి ఆ సెక్షను లేనే లేదు. పిల్లల విషయంలో జువెనైల్ జస్టిస్ చట్టం నయం. రికార్డులు కొంతకాలానికి చెరిపెయ్యాలంటుంది. పెద్దవాళ్ళకి అలాంటిది లేదు. ఇంగ్లండువాడు 1974లోనే ఒక చట్టం చేసుకున్నాడు. శిక్షని బట్టి ఇన్నేళ్ళు మళ్ళీ నేరం లేకుండా గడిస్తే, చాలా ఉద్యోగాల్లో అడిగినా "లేదు" అని చెప్పే హక్కు ఉంటుంది. అబద్ధం కాదు, హక్కు! తీవ్రమైన శిక్షలకీ, పిల్లలతో పనిచేసే ఉద్యోగాల్లాంటి వాటికీ మినహాయింపులున్నాయి, ఉండాలి కూడా. మా భాషలో చెప్పాలంటే వాడి టేబుల్లో ఎక్స్‌పైరీ డేట్ అనే కాలమ్ ఉంది. మన టేబుల్లో లేదు.

2011లో ఢిల్లీ పోలీసు ఉద్యోగానికి ఎంపికైన ఒకతను పాత కేసు దాచాడని తీసేస్తే, కుర్రతనంలో చేసినదానికి జీవితాంతం ముద్ర వెయ్యొద్దని సుప్రీంకోర్టు అతని వైపు నిలిచింది. ఆ తీర్పులో విక్టర్ హ్యూగో జీన్ వాల్‌జీన్ ప్రస్తావన కూడా ఉంది. 2016లో ముగ్గురు జడ్జీల బెంచి ఇంకొంచెం వివరంగా చెప్పింది. దాచినంత మాత్రాన కళ్ళు మూసుకుని తీసెయ్యడం కాదు, నేరం ఎంతటిది, ఉద్యోగం ఎలాంటిది, అన్నీ చూసి తేల్చాలి, పెద్ద నేరమైతే యజమాని కాదనొచ్చు. కానీ ఇదంతా సర్కారు ఉద్యోగాల సంగతి. ప్రైవేటులో ఆ మాత్రం ఆలోచించాల్సిన పని కూడా ఎవరికీ లేదు. వెరిఫికేషన్ కంపెనీవాడు కోర్టు రికార్డుల్లో పేరు కొట్టి చూస్తాడు. కేసు కనపడితే ఎరుపు. కొట్టేసిన కేసైనా పేరు కనపడుతుంది. 2022 చివరికి మన జైళ్ళలో ఉన్న 5,73,220 మందిలో 4,34,302 మంది విచారణ ఖైదీలు, అంటే నూటికి దాదాపు 76 మంది. వీళ్ళకి విడుదల తేదీ తెలీదు కాబట్టి ఒక కోర్సులో కుదురుగా కూర్చునే వీలు తక్కువ. పునరావాస పథకాలు శిక్ష పడినవాళ్ళని దృష్టిలో పెట్టుకుని రాసినవి. రేపు నిర్దోషులుగా బయటికొచ్చినా ఆ సెర్చిలో మాత్రం ఉంటారు. క్రిమినల్ ట్రైబ్స్ రిజిస్టరు రాయడానికి ఒక పోలీసు స్టేషను, ఒక గుమాస్తా, వేలిముద్రల సిరా కావాల్సొచ్చేది. మా తరం దాన్ని ఏపీఐ కాల్ చేసేసింది.

ఇంత చదివాక మళ్ళీ మా హెచ్చార్ మేడమ్ దగ్గరికెళ్ళాను. వాదన పెట్టుకోడానికి కాదు, ఒకటే అడగడానికి. "ఆ గడిలో ఉంది అని పెట్టినవాళ్ళని మనం ఇప్పటిదాకా ఎవరినైనా తీసుకున్నామా?" ఆవిడ మంచి మనిషే, ఆలోచించి చెప్పింది. "అలా పెట్టినవాళ్ళు నాకు తెలిసి ఎవరూ లేరండీ." ఆ ప్రశ్న మన ఫారంలో ఎందుకుందని అడిగాను. పాలసీ ఏదో ఉందేమో అనుకున్నా. వెరిఫికేషన్ వెండరు ఇచ్చిన టెంప్లేటులో ఉందట, అలాగే ఉంచేశారట. ఎన్నేళ్ళ వెనక దాకా లెక్క అంటే, ఫారంలో "ఎప్పుడైనా" అనే ఉంది కదండీ అంది.

తల పగిలినవాడి గురించి కూడా ఆలోచించాను. అతని ఇంట్లోవాళ్ళు ఇది చదివితే నన్ను తిడతారేమో, తిట్టొచ్చు. పేమెంట్ల కోడు మీద పనిచేసే టీములోకి మోసం కేసులో శిక్ష పడినవాణ్ణి తీసుకోవాలంటే నేనూ వెనకాడతాను, దాచను. కానీ గట్టు తగాదాకీ బటన్ పనిచేస్తుందా లేదా అని చూసే ఉద్యోగానికీ సంబంధం ఏమిటో ఎంత ఆలోచించినా దొరకలేదు. అబద్ధం మాటకొస్తే, "లేదు" అంటే దొంగ, "ఉంది" అంటే ఇంటికి. ఇలాంటి గడి పెట్టినవాళ్ళం నిజాయితీ పరీక్షిస్తున్నామని ఎలా అనుకున్నామో మరి.

ఎక్స్‌పీరియెన్సు అడిగే చోట ఎన్నేళ్ళ దాకా అని రాస్తాం కదా, అలాగే ఆ ప్రశ్నలో కూడా "గత ఇన్నేళ్ళలో" అని ఒక అంకె పెడదామనీ, ఆ ఫారం ఆఫర్ ఇచ్చాక కాకుండా ఉంది అన్నవాడితో కూర్చుని మాట్లాడాక తేల్చేలా మారుద్దామనీ ఒక మెయిలు రాశాను. లీగల్ వాళ్ళకి పంపాం అన్నారు. ఏడు నెలలైంది. నెలకోసారి గుర్తుచేస్తున్నాను, నెలకోసారి "చూస్తున్నాం" అంటున్నారు.

అతని మెసేజ్‌కి జవాబు రాయడానికి నాకు పదకొండు రోజులు పట్టింది. "పిలిచేవాళ్ళం కాదు" అని రాశాను. ఇంకేం రాయాలో తోచలేదు. కాసేపటికి తిరుగు మెసేజ్ వచ్చింది. "తెలుసు సార్. ఊరికే అడిగాను."